ఎక్కడి నుంచి, ఎంత, ఎవరికి? – గుణిజపు హద్దున మెమరీ కేటాయింపు: తెలుగు పరిభాషా విమర్శ

వ్యాససంగ్రహం:

కంప్యూటరు మెమరీలో ఒక నిర్ణీత సంఖ్యకు గుణిజమైన చిరునామా నుంచి జాగా పొందే పద్ధతి లినక్స్, మాక్ ఓఎస్, విండోస్ నిర్వాహక వ్యవస్థల్లో ఒకే తీరుగా ఉండదు. అడిగే వరుస, పాటించవలసిన షరతు, తిరిగి అప్పగించే విధానం వ్యవస్థను బట్టి మారుతాయి. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే ‘స్మృతి’, ‘అమరిక’, ‘సమలేఖనం’, ‘కేటాయింపు’, ‘విడుదల’ వంటి పదాలు ఆ భేదాలను ఎంతవరకు మోయగలవో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతపు వ్యవహారాన్ని, తెలుగు విభక్తి వ్యవస్థను ఆధారం చేసుకొని ప్రత్యామ్నాయాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాంకేతిక పరిభాష, మెమరీ కేటాయింపు, గుణిజపు హద్దు, నిర్వాహక వ్యవస్థలు, విభక్తి, కొల్లేరు, కాంటూరు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో శాస్త్రవిషయాలు రాయాలన్న సంకల్పానికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఆ పనిని ఒక ఉద్యమంగా చేపట్టింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలను, పరిభాషా పదకోశాలను వెలువరించింది. 2021-22 విద్యాసంవత్సరం నుంచి ఇంజనీరింగును 8 భారతీయ భాషల్లో బోధించడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతించింది. వాటిలో తెలుగు ఒకటి. ఈ అనుమతితో పరిభాషా సమస్య స్వరూపం మారింది. అంతకుముందు తెలుగు పారిభాషిక పదం ఎక్కువగా సామాన్య పాఠకుడికి విషయపరిచయం చేసేది. ఇప్పుడు అదే పదాన్ని పట్టుకొని విద్యార్థి ప్రోగ్రాం రాయవలసి ఉంటుంది. పరిచయానికి సరిపోయిన పదం పనికి సరిపోకపోవచ్చు.

ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగు కళాశాల 1989లోను, తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ 2015లోను ఏర్పడ్డాయి. కైకలూరు, మండవల్లి, భీమడోలు, ఆకివీడు వంటి కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఇంజనీరింగు చదువు ఇంటికి దగ్గరగా వచ్చింది. అది ఇంటి భాషకు ఎంత దగ్గరగా వచ్చిందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను పరీక్షించడానికి ఈ వ్యాసం ఒక చిన్న విషయాన్ని ఎంచుకుంటుంది. హద్దు చూసి మెమరీ కేటాయించే పద్ధతి సి భాష నేర్చుకొనేవారికి రెండో మెట్టులో ఎదురవుతుంది. మెమరీ, కేటాయింపు, హద్దు, వ్యవస్థ అనే నాలుగు భావనలూ ఇందులో కలుస్తాయి. పదం తప్పితే ఫలితం వెంటనే బయటపడుతుంది. అందువల్ల పరిభాష శక్తిని అంచనా వేయడానికి ఇది తగిన ఉదాహరణ.

2. విషయస్వరూపం:

మెమరీని బైట్ల వరుసగా ఊహించవచ్చు. సున్న నుంచి మొదలై ప్రతి బైటుకూ ఒక చిరునామా ఉంటుంది. ప్రోగ్రాం జాగా అడిగినప్పుడు ఆ వరుసలో ఎక్కడో ఖాళీగా ఉన్న కొంత భాగం దానికి దక్కుతుంది. ఆ భాగం మొదటి చిరునామా 16కో, 32కో, 64కో గుణిజంగా ఉండాలని ప్రోగ్రాం కోరవచ్చు. ఆ సంఖ్య రెండు యొక్క ఘాతమై ఉండాలి. సాధారణంగా వాడే ‘మాలాక్’ అనే ఆదేశం 64 బిట్ల లినక్స్, విండోస్, మాక్ ఓఎస్‌లలో 16కు గుణిజమైన చిరునామానే ఇస్తుంది. అంతకంటె పెద్ద హద్దు కావలసినప్పుడు ప్రత్యేకంగా అడగాలి.

ఆ అవసరం ప్రాసెసరు నిర్మాణం వల్ల కలుగుతుంది. ఒకేసారి అనేక సంఖ్యలపై పనిచేసే ఆదేశాలు ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో 16, 32, 64 బైట్ల మోపులుగా సమాచారాన్ని ఎత్తుతాయి. వాటిలో కొన్ని, మోపు మొదలు తగిన గుణిజం మీద లేకపోతే పనిచేయవు. ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. మరికొన్ని పనిచేస్తాయి గాని, మోపు రెండు గళ్ల మీద పడితే ఆలస్యమవుతుంది. ప్రాసెసరు తన దగ్గరి నిల్వలోకి మెమరీని ఒక్కో గడిగా తెచ్చుకుంటుంది. ఈ తరహా ప్రాసెసర్లలో సాధారణంగా ఆ గడి 64 బైట్లు. 64 గుణిజం మీద మొదలైన 64 బైట్లు ఒకే గడిలో ఉంటాయి. ఒక్క బైటు పక్కకు జరిగినా రెండు గళ్లు తెరవవలసి వస్తుంది.

కాబట్టి ఈ భావనకు ఇచ్చే తెలుగు పదం మూడు ప్రశ్నలకు చోటివ్వాలి. జాగా ఎక్కడి నుంచి మొదలవుతుంది? ఎంత ఉంటుంది? పని అయ్యాక దాన్ని ఎవరికి అప్పగించాలి? నిర్వాహక వ్యవస్థల మధ్య తేడాలన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే ఉన్నాయి.

3. వ్యవస్థాభేదం:

లినక్స్, మాక్ ఓఎస్ వంటి యునిక్స్ సంప్రదాయపు వ్యవస్థల్లో ‘పోజిక్స్_మెమ్‌అలైన్’ అనే ఆదేశం ఉంది. దానికి ఫలితం ఉంచవలసిన చోటు, హద్దు, పరిమాణం ఆ వరుసలో చెప్పాలి. హద్దు రెండు యొక్క ఘాతం కావడంతోపాటు ఒక చిరునామా పట్టే పరిమాణానికి గుణిజంగా కూడా ఉండాలి. 64 బిట్ల యంత్రంలో ఆ పరిమాణం 8 బైట్లు. తీసుకున్న జాగాను మామూలు ‘ఫ్రీ’ ఆదేశంతోనే తిరిగి ఇవ్వవచ్చు.

2011 నాటి సి భాషా ప్రమాణం ‘అలైన్డ్_అలాక్’ అనే ఆదేశాన్ని చేర్చింది. దీనికి ముందు హద్దు, తర్వాత పరిమాణం చెప్పాలి. పరిమాణం ఆ హద్దుకు గుణిజంగా ఉండాలన్న షరతు మొదటి పాఠంలో ఉండేది. తర్వాతి సవరణలో అది తొలగింది. మాక్ ఓఎస్‌లో ఈ ఆదేశం 2019లో వచ్చిన 10.15వ కూర్పు నుంచి అందుబాటులో ఉంది. దీని జాగాకూ ‘ఫ్రీ’ సరిపోతుంది.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సి గ్రంథాలయం ఈ ప్రామాణిక ఆదేశాన్ని ఇవ్వదు. దాని స్థానంలో ‘_అలైన్డ్_మాలాక్’ ఉంది. ఇక్కడ ముందు పరిమాణం, తర్వాత హద్దు చెప్పాలి. తిరిగి ఇవ్వడానికి ‘_అలైన్డ్_ఫ్రీ’నే వాడాలి. మామూలు ‘ఫ్రీ’కి అప్పగిస్తే ప్రోగ్రాం చెడిపోతుంది.

ఈ చివరి నిబంధనకు కారణం తెలుసుకోదగినది. 64 గుణిజం మీద 4096 బైట్లు కావాలనుకుందాం. గ్రంథాలయం 4096కు మరో 63 బైట్లను, ఒక చిరునామా దాచుకోవడానికి 8 బైట్లను చేర్చి 4167 బైట్లు తీసుకుంటుంది. ఆ జాగా 1008వ చిరునామా వద్ద దొరికిందనుకుంటే, ముందుకు జరిగి 1024ను ప్రోగ్రాంకు ఇస్తుంది. 1024 అనేది 64కు 16 రెట్లు. అసలు మొదలు 1008 అన్న సంగతిని 1024కు సరిగ్గా ముందున్న 8 బైట్లలో రాసిపెట్టుకుంటుంది. ‘_అలైన్డ్_ఫ్రీ’ వెనక్కి చూసి ఆ గుర్తును చదివి 1008ని అప్పగిస్తుంది. మామూలు ‘ఫ్రీ’కి ఆ గుర్తు సంగతి తెలియదు, 1024నే మొదలనుకుంటుంది.

కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువును కౌలుకు తీసుకొనేవారికి ఈ లెక్క కొత్తది కాదు. భూమి సర్వే రాయి దగ్గర మొదలవుతుంది. నీరు గట్టు లోపలి నుంచి మొదలవుతుంది. చేపపిల్లలను వదిలేది గట్టు లోపల. కౌలు తీరాక అప్పగించేది సర్వే నంబరు ప్రకారం మొత్తం భూమిని. గట్టు లోపలి కొలతతో అప్పగింత రాస్తే ఆ కాగితం చెల్లదు.

4. వాడుకలో ఉన్న పదాలు:

మొదట ‘స్మృతి’. సంస్కృతంలో దీనికి జ్ఞాపకమనీ, ధర్మశాస్త్రమనీ అర్థాలున్నాయి. తెలుగులో ఈ మాట వినగానే పోయినవారి స్మృతి, మనుస్మృతి స్ఫురిస్తాయి. కంప్యూటరు మెమరీలో ప్రధానమైన గుణం గుర్తుంచుకోవడం అయినా, కేటాయింపు సందర్భంలో అది జాగాగా ప్రవర్తిస్తుంది. ‘స్మృతిని కేటాయించు’ అన్న వాక్యంలో నామవాచకానికీ క్రియకూ పొత్తు కుదరదు. జ్ఞాపకాన్ని కేటాయించడం తెలుగువారి ఊహకు అందదు. ‘మెమరీ’ అన్న మాట ఫోను కొనే ప్రతి ఇంట్లోనూ ఇప్పటికే జాగా అర్థంలో వాడుకలో ఉంది. ‘మెమరీ నిండిపోయింది’ అన్న మాటకు వివరణ అక్కరలేదు. ఈ సందర్భంలో అన్యదేశ్యమే స్పష్టమైనది.

‘అమరిక’ విషయం భిన్నం. ఇది అందమైన దేశ్యపదం. అయితే సాఫ్ట్‌వేరు తెలుగీకరణల్లో ‘అమరికలు’ అన్నది వినియోగదారుడు మార్చుకొనే ఎంపికల పేరుగా ఇప్పటికే వ్యాపించింది. పుటలో వాక్యాలను ఎడమకో కుడికో జరిపే పనికీ ఇదే మాట వినిపిస్తుంది. మూడో అర్థాన్ని కూడా దీనిపై మోపితే విద్యార్థి సందర్భాన్ని ఊహించుకోవలసి వస్తుంది. పైగా అమర్చడమంటే చక్కగా పేర్చడం. గుణిజం, కచ్చితత్వం అన్న భావాలు అందులో లేవు. 1025వ చిరునామా వద్ద మొదలైన జాగా కూడా చూడడానికి ‘అమరి’నట్లే ఉంటుంది.

‘సమలేఖనం’ ముద్రణ రంగానికి తగినది. అక్కడ లేఖనం ఉంది, సమమైన అంచు ఉంది. మెమరీలో గీసిన గీత గాని, రాసిన వరుస గాని లేదు; సున్న నుంచి లెక్క మాత్రమే ఉంది.

ఈ లోపాలను బట్టి చూస్తే తెలుగు బడిలో ప్రతి విద్యార్థీ నేర్చుకొన్న ‘గుణిజం’ అన్న మాటను వాడుకోవడం సముచితం. ‘గుణిజపు హద్దు’ అన్న పదబంధం నియమాన్ని తనలోనే చెబుతుంది. ‘64 గుణిజపు హద్దు’ అనగానే 64, 128, 192 అన్న వరుస మనసులో మెదులుతుంది. ‘హద్దు’ అరబ్బీ మూలం కలిగిన మాట కాబట్టి తత్సమంతో కలపవచ్చునా అన్న ఆక్షేపణ రావచ్చు. ‘గుణిజహద్దు’ అంటే వైరిసమాసమవుతుంది. ‘గుణిజము’లోని మువర్ణకానికి పుంప్వాదేశం చేసి ‘గుణిజపు హద్దు’ అన్నప్పుడు ఆ ఎబ్బెట్టు తొలగుతుంది. ‘సరసపు మాట’ వంటి రూపాలకు ఏ మార్గం ఉందో దీనికీ అదే మార్గం ఉంది.

‘కేటాయింపు’ బాగా స్థిరపడిన మాట. బడ్జెట్లలో, ఇళ్ల స్థలాల్లో, సీట్లలో అందరూ వాడేదే. అయితే ఆ సందర్భాల్లో చాలావరకు కేటాయించినది తిరిగి రాదు. మెమరీ తిరిగి రావాలి. తిరిగి ఇచ్చే పనికి వినిపించే ‘విడుదల’ అన్న మాట సినిమాకూ, నిధులకూ, ఖైదీకీ సరిపోతుంది. దేన్ని విడుదల చేశామో చెబుతుంది గాని, ఎవరి చేతికి చేరిందో చెప్పదు. విండోస్ నిబంధనలో ప్రాణమంతా ఆ చెప్పని చోటే ఉంది. కౌలు వ్యవహారంలోని ‘అప్పగింత’ అన్న మాటకు పుచ్చుకొనేవాడు తప్పనిసరి. ‘అప్పగించు’ అనగానే ‘ఎవరికి?’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ‘కేటాయింపు – అప్పగింత’ అన్న జంట ఆదేశాల జంటను సరిగ్గా ప్రతిబింబిస్తుంది.

5. ‘కాంటూరు’ చెప్పే పాఠం:

పదం దేశ్యమా, తత్సమమా, అన్యదేశ్యమా అన్నది ఒక్కటే కొలత కాదని చెప్పడానికి కొల్లేరు మంచి సాక్ష్యం. సముద్రమట్టం నుంచి +5 అడుగుల ఎత్తు గల రేఖ వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఆ రేఖ లోపలి చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. ఆ రేఖను +3కు తగ్గించాలన్న కోరిక తర్వాత శాసనసభ వరకు వెళ్లింది. ఈ క్రమంలో ‘కాంటూరు’ అన్న మాట కొల్లేటి గ్రామాల నిత్యవ్యవహారంలో పాతుకుపోయింది.

పాఠ్యపుస్తకంలో దీనికి ‘సమోన్నత రేఖ’ అన్న నిర్దుష్టమైన తత్సమం ఉంది. నిర్మాణపరంగా దానిలో లోపమేమీ లేదు. అయినా చెరువు ఉంటుందో పోతుందో తేల్చిన మాట ‘కాంటూరు’. ఒక బాధ్యత, ఒక ఫలితం ఆ మాటతో ముడిపడి ఉన్నందువల్ల చదువుతో నిమిత్తం లేకుండా దాని అర్థం అందరికీ కచ్చితంగా తెలిసింది. ఎవరి భూమి అన్నదానితో సంబంధం లేకుండా సముద్రమట్టం నుంచి కొలిచే సంఖ్య అది. గుణిజపు హద్దు కూడా ఏ ప్రోగ్రాందన్నదానితో సంబంధం లేకుండా సున్న నుంచి కొలిచేదే. కాంటూరుకు లోపల, బయట అన్న తేడా ముఖ్యం. గుణిజపు హద్దుకు మొదలు ముఖ్యం. పోలిక అంతవరకే.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాల వారీగా సేకరించింది. పని చేసేవారి నోట పదం ఎంత సూక్ష్మంగా ఉంటుందో ఆ సంపుటం నిరూపించింది. కంప్యూటరు పరిభాషకు అటువంటి సేకరణ అవసరం ఉంది. పదకోశ సంఘం గదిలో పుట్టిన మాటలతోపాటు, ప్రయోగశాలల్లో విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకొనే మాటలనూ నమోదు చేస్తే ఏది నిలుస్తుందో తెలుస్తుంది.

6. వరుసా, విభక్తీ:

పై ఆదేశాల మధ్య అత్యంత ప్రమాదకరమైన తేడా చూడడానికి అతి చిన్నది. ‘అలైన్డ్_అలాక్’కు 64, 4096 అని చెబితే 64 గుణిజపు హద్దు నుంచి 4096 బైట్లు వస్తాయి. అలవాటు కొద్దీ అదే వరుసలో విండోస్ ‘_అలైన్డ్_మాలాక్’కు చెబితే 4096 గుణిజపు హద్దు నుంచి 64 బైట్లే వస్తాయి. రెండు సంఖ్యలూ రెండు యొక్క ఘాతాలే కనుక ఏ షరతూ ఉల్లంఘన కాదు. యంత్రం ఏ హెచ్చరికా చేయదు. 4096 బైట్లు తనవే అనుకొని ప్రోగ్రాం రాయడం మొదలుపెడితే 65వ బైటు నుంచి పరాయి జాగాను చెరుపుతుంది.

ప్రోగ్రామింగు భాషలో మాట పాత్రను దాని స్థానం నిర్ణయిస్తుంది. తెలుగులో విభక్తి నిర్ణయిస్తుంది. ‘రాముడు రావణుని చంపెను’ అన్నా, ‘రావణుని రాముడు చంపెను’ అన్నా అర్థం మారదు. అదే విధంగా ‘64 గుణిజపు హద్దు నుంచి 4096 బైట్లను కేటాయించు’ అన్నా, ‘4096 బైట్లను 64 గుణిజపు హద్దు నుంచి కేటాయించు’ అన్నా ఒకటే. 1858 నాటి బాలవ్యాకరణం ప్రకారం ‘ను’ ద్వితీయ, ‘కు’ షష్ఠి. ‘నుంచి’ పంచమీ అర్థాన్నిచ్చే వ్యావహారిక రూపం. ఎక్కడి నుంచి, ఎంతను, ఎవరికి అన్న మూడు ప్రశ్నలకు మూడు ప్రత్యయాలు సిద్ధంగా ఉన్నాయి.

తెలుగులో సాంకేతిక విషయం రాయడమంటే ఇంగ్లీషు నామవాచకాలకు తెలుగు నామవాచకాలను వెతకడమే అన్న భావన బలంగా ఉంది. ‘హద్దు, పరిమాణం’ అని రెండు నామవాచకాలను కామాతో పేర్చిన తెలుగు వాక్యం మూలంలోని అపాయాన్ని అలాగే దిగుమతి చేసుకుంటుంది. ప్రత్యయాలతో రాసిన పూర్తి వాక్యం ఆ అపాయాన్ని తొలగిస్తుంది. విద్యార్థి ముందుగా ఈ వాక్యాన్ని రాసుకొని, తర్వాత తాను పనిచేస్తున్న వ్యవస్థ కోరే వరుసలోకి మార్చుకోవచ్చు. భాష నిర్మాణమే ఇక్కడ బోధనోపకరణం అవుతుంది.

7. యతి పోలిక – దాని పరిధి:

తెలుగు చదివినవారికి మరో పోలిక సహజంగా తోస్తుంది. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం, శార్దూలంలో 13వ అక్షరం, మత్తేభంలో 14వ అక్షరం యతిస్థానాలు. పాదం మొదటి నుంచి లెక్కించి చేరవలసిన నియతస్థానం అన్న భావనను బోధించడానికి ఇది ఉపకరిస్తుంది. ఆ స్థానంలో ఏ పదం పడుతుందన్నది కవి ఇష్టం. స్థానం మాత్రం ఛందస్సుది.

అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగరాదు. యతిస్థానం పాదానికి ఒకటే; గుణిజపు హద్దులు మెమరీ పొడవునా పునరావృతమవుతాయి. తెలుగు పద్యంలో పదం గణపు హద్దును, పాదపు హద్దును స్వేచ్ఛగా దాటుతుంది. దాటినందుకు దోషం లేదు. మెమరీలో మోపు గడి హద్దును దాటితే వేగం తగ్గుతుంది, కొన్ని ఆదేశాలు పూర్తిగా ఆగిపోతాయి. పోలిక చెప్పే ఉపాధ్యాయుడు అది తెగిపోయే చోటును కూడా చెప్పినప్పుడే విద్యార్థికి మేలు.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి.

పారిభాషిక పదాన్ని అది ఏ భాషాకుటుంబానిదన్న దాన్ని బట్టి కాక, విషయంలోని నియమాన్ని ఎంత కచ్చితంగా మోస్తుందన్న దాన్ని బట్టి తూచాలి. ఆ కొలతతో ‘మెమరీ’, ‘గుణిజపు హద్దు’, ‘కేటాయింపు’, ‘అప్పగింత’ నిలుస్తాయి. ‘స్మృతి’, ‘అమరిక’, ‘సమలేఖనం’, ‘విడుదల’ ఈ సందర్భానికి చాలవు. వేరే సందర్భాల్లో వాటి ఉపయోగాన్ని ఇది కాదనదు.

పదాల ఎంపికతో పని పూర్తికాదు. పాఠ్యపుస్తకంలో ప్రతి కేటాయింపు ఆదేశం పక్కన విభక్తులతో కూడిన ఒక పూర్తి తెలుగు వాక్యం ఉండాలి. ఆ వాక్యంలో ‘నుంచి’, ‘ను’, ‘కు’ మూడూ కనిపించాలి. లినక్స్‌కు, మాక్ ఓఎస్‌కు, విండోస్‌కు ఆ వాక్యం ఒకటే. అప్పగింత ఎవరికన్న ఒక్క మాట మారుతుంది. వ్యవస్థాభేదాన్ని ఇంతకంటె తేలికగా గుర్తుపెట్టుకొనే మార్గం ఇంగ్లీషు పాఠంలోనూ సులభంగా దొరకదు.

తెలుగులో ఇంజనీరింగు చదవడం సాధ్యమా అన్న చర్చ తరచుగా ఉద్యోగాల దగ్గరే ఆగిపోతోంది. తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన కొల్లేటి ప్రాంతపు విద్యార్థికి హద్దు, గట్టు, కౌలు, అప్పగింత అన్నవి నిఘంటువు చూసి తెలుసుకోవలసిన మాటలు కావు. ఆ తెలివిడిని తరగతి గది గుమ్మం దగ్గర వదిలి రమ్మనకుండా, దాని మీదనే పాఠాన్ని నిర్మించే పుస్తకాలు రావాలి. ఆ పుస్తకాల రచనలో కంప్యూటరు అధ్యాపకులతోపాటు తెలుగు అధ్యాపకులకూ పని ఉంది.